మాయ పడేదాకా

ఎర్రగుంటపల్లిలో ఏ బర్రె ఈనడానికి కష్టపడినా ముందు జానమ్మకే కబురు పోతుంది. అచ్చంపేట నుంచి డాక్టరు బయల్దేరి వచ్చేసరికి ఎంత లేదన్నా గంటన్నర పడుతుంది. జానమ్మ ఇల్లేమో ఊరి నడుమనే. ఆమెది సన్నటి చెయ్యి, పొడుగాటి వేళ్లు. మోచేతి పైదాకా నూనె రాసుకుని, లోపల అడ్డం తిరిగిన దుడ్డె కాళ్లను కళ్లు మూసుకుని తడిమి సరిచేస్తుంది. బర్రె నొప్పి తీసే అదను చూసి బయటికి లాగుతుంది. ఆ పని ఆమెకు అత్త నేర్పింది. అత్త పోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు జానమ్మకు అరవై రెండు.

పనితో పాటు అత్త ఒక కట్టడి కూడా నేర్పింది. దుడ్డె వెనక వచ్చే పొర, ఆ మాయ పడేదాకా దుడ్డె మూతి పొదుగుకు తగలకూడదు. తగిలితే మాయ లోపలే నిలిచిపోతుందని, పచ్చగా చిక్కగా ఉండే ఆ ముర్రుపాలు పసి కడుపులో అరగక దుడ్డెకు పారుడు పడుతుందని చెప్పేది. అందుకే పుట్టిన దుడ్డెను తుడిచి దూరంగా గుంజకు కట్టేసేవాళ్లు. మాయ ఒక్కోసారి నాలుగు గంటలకు పడేది, ఒక్కోసారి పొద్దుగూకేదాకా పడేది కాదు. ఆలోపు పిండిన పాలు జున్నుకు పోయేవి. ఇంటింటికీ గిన్నెలు తిరిగేవి.

దుడ్డెలు చనిపోవడం ఊళ్లో ఎవరికీ వింత కాదు. పుట్టిన నెల తిరగకముందే బూడిదరంగు పెండ పారి, పొట్ట ఉబ్బి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని సగానికి సగం పోయేవి. కొందరు చలి అనేవారు, కొందరు దిష్టి అనేవారు. దుడ్డె పోతే బర్రె పాలు చేపదు, పొదుగులోకి దించదు కాబట్టి వాళ్ల బాధంతా ఆ చేపు గురించే ఉండేది. దుడ్డె ఎందుకు పోయిందని అడిగినవాళ్లు లేరు.

మొదట అడిగింది జానమ్మ కోడలు శోభ.

శోభది నల్గొండ అవతల ఊరు. ఇంటర్ దాకా చదివింది. జానమ్మ కొడుకు మల్లికార్జున్‌తో పెళ్లయి మూడేళ్లయింది, ఏడు నెలల కూతురు ఉంది. మల్లికార్జున్ గొర్లను తోలుకుని నల్లమల అంచున మేపుకుంటూ తిరుగుతాడు. పదిహేను రోజులకోసారి ఇంటి ముఖం చూస్తాడు. ఇంటి దగ్గర అత్తాకోడళ్లు, పసిపిల్ల, రెండు బర్రెలు. ఆ రెంటిలో పెద్దది వరసగా రెండు ఈతల్లో దుడ్డెల్ని పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్లీ చూడితో ఉంది.

ఆ ఏడు ఆగస్టులో గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరు కరుణ ఊరికి వచ్చింది. పాలమూరు పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. బడి ముందర పశువులన్నిటికీ సూదులు వేయడం అయ్యాక, జనం ఇంకా చెదరకముందే గొంతు పెంచి చెప్పింది.

"దుడ్డె పుట్టిన గంటలోపల ముర్రుపాలు తాగాలె. మాయ కోసం ఆగొద్దు. పుట్టినప్పుడు దాని ఒంట్ల రోగాన్ని ఆపే బలం అస్సలుండదు. ఆ బలం తల్లి ముర్రుపాల నుంచే రావాలె. ఆలస్యమైనకొద్ది ఆ బలాన్ని పేగులు తీసుకోవు. ఒక రోజు దాటితే కడివెడు తాపినా ఏం లాభముండది."

నాలుగు బర్రెలున్న గాలయ్య పెద్దగా నవ్వాడు. "మా జానమ్మనడుగు మేడం. ఊర్ల దుడ్డెలకు డాక్టరు ఆమెనే."

అందరి కళ్లూ జానమ్మ మీద పడ్డాయి. ఆమె బర్రె తాడు చేతికి చుట్టుకుంటూ అంది. "ఎన్ని బర్రెలను ఈనిపిచ్చినవ్ బిడ్డా నువ్వు?"

"రెండు వందలుంటయేమో అవ్వా."

"నేను లెక్క పెట్టలే. మా అత్త గూడ లెక్క పెట్టలే. మాయ పడకముందు తాపితే మాయ నిలుస్తది. నిలిస్తే లోపల కుళ్లి బర్రె సస్తది. గప్పుడు నువ్వొస్తవా ఉరుక్కుంట?"

జనం నవ్వారు. దుడ్డె చీకితే మాయ ఇంకా తొందరగా పడుతుందని డాక్టరు చెప్పబోయింది కానీ అప్పటికే పశువులు ఇంటి దారి పట్టాయి. ఆమె టీకాల డబ్బా మూసి బండెక్కింది.

శోభ మాత్రం వెనక నుంచి వెళ్లి ఆమె ఫోన్ నెంబరు తీసుకుంది. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. రెండు రోజులు ఆగి, జొన్నరొట్టెలు చేస్తూ పొయ్యి దగ్గర కదిలించింది.

"అత్తమ్మా, మన పాప పుట్టినప్పుడు దవాఖానల నర్సు అర్ధగంటకే నా పాలకు పెట్టింది. నువ్వు పక్కన్నే ఉన్నవ్. వద్దనలే."

"మనుషులది వేరు. పశువులది వేరు."

"ఏం వేరు?"

జానమ్మ పిల్లను చంకనేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

బతుకమ్మ మొదలైన మూడో రోజు పొద్దున ఎనిమిది గంటలప్పుడు పెద్ద బర్రె ఈనింది. కష్టం లేని ఈత. ఆడదుడ్డె. జానమ్మ దాని ముక్కు తుడిచి, నోట్లోంచి జిగట తీసి, ఒళ్లంతా వరిగడ్డితో రుద్దింది. తర్వాత అలవాటు ప్రకారం పలుపు తీసుకుని గుంజ వైపు తిరిగింది. గుంజకు అడ్డంగా శోభ నిలబడి ఉంది.

"కట్టకు అత్తమ్మా."

"ఏందే?"

"రెండు దుడ్డెలకు నీ మాట మీదనే చేసినం. రెండు పోయినయి. గీ ఒక్కదాన్ని నా మాట మీద ఇడువు. ఇది గూడ పోతే ఇగ ఎన్నడు నోరెత్త."

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల అత్త మాటకు ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టి గుంజను గట్టిగా పట్టుకుని ఉంది. జానమ్మ ఆ చేతుల్ని చూసింది.

"మాయ నిలిస్తే?"

"డాక్టరమ్మకు ఫోన్ చేస్త. నెంబరున్నది."

జానమ్మ పలుపు కింద పడేసింది. "నీ ఇష్టం. నేనైతే తాపియ్య." అని కొట్టం బయట రాయి మీద కూర్చుంది.

శోభకు ఆ పని కొత్త. దుడ్డెను పొట్ట కింద చెయ్యి వేసి లేపింది, అది కూలబడింది. మళ్లీ లేపితే తల్లి ముందు కాలిని చీకడం మొదలుపెట్టింది. పొదుగు దగ్గరికి తోస్తే తల పైకెత్తి బర్రె డొక్కలో పొడిచింది. పావుగంట చూసింది జానమ్మ. ఇక చూడలేకపోయింది. లేచి వచ్చి కోడల్ని పక్కకు జరిపింది.

"గట్ల తోస్తే తాగుతదా? తల కిందికి వంచు." తన వేలు దుడ్డె నోట్లో పెట్టి చీకనిచ్చి, వేలు తీస్తూనే చన్ను అందించింది. దుడ్డె ఒక్కసారిగా పట్టుకుంది. తోక ఊపుకుంటూ గుటకలు వేయసాగింది. మూతి చుట్టూ పచ్చటి నురగ. జానమ్మ తన చెయ్యి ఏం చేసిందో అప్పుడు తెలుసుకున్నట్టు లేచి నిలబడింది.

పదకొండు కాకముందే మాయ పడింది. జానమ్మ దాన్ని కొట్టం వెనక లోతుగా పాతిపెట్టి, కాళ్లు చేతులు కడుక్కుని వచ్చి అన్నం పెట్టుకుంది.

దుడ్డె మంచిగా పెరిగింది. వారానికే కొట్టంలో గంతులు. మల్లికార్జున్ ఫోన్ చేసి అడిగితే జానమ్మ "మంచిగనే ఉన్నది" అంది. కొంచెం ఆగి, "నీ పెండ్లాం తాపింది" అని కలిపింది. అది మెప్పో ఫిర్యాదో మల్లికార్జున్‌కు అర్థం కాలేదు.

పదిహేడో రోజు పొద్దున దుడ్డె లేవలేదు. లేపితే నిలబడింది కానీ తల వేలాడేసింది. పొట్ట కుండలా ఉబ్బి ఉంది. మధ్యాహ్నానికి పారుడు మొదలైంది. పెండ బూడిదరంగులో, బంకమట్టి కలిపిన నీళ్లలా ఉంది. పాలకు వదిలితే రెండు గుటకలు తాగి వచ్చి కొట్టం మట్టిగోడను నాకింది.

పెండ వాసన దారిదాకా పోయినట్టుంది. గాలయ్య లోపలికి తొంగిచూసి, "నేను జెప్పలేదా? అరగని పాలు తాపితిరి. డాక్టరు వచ్చి బతికిస్తదా ఇప్పుడు?" అని పోయాడు.

శోభ దుడ్డె పక్కన కూర్చుని ఏడ్చింది. అత్త ఏమంటుందోనని తల ఎత్తలేదు. అనడానికి జానమ్మ నోటి దాకా మాట వచ్చింది కూడా. కానీ ఆమె ముక్కు ఇంకేదో చెబుతోంది. పుల్లగా, వెగటుగా, పాడైన వెన్నలాంటి కంపు. ఆ కంపు ఆమెకు కొత్త కాదు. ఈ బర్రెకే పోయిన రెండు దుడ్డెల దగ్గరా అదే కంపు. గాలయ్య ఇంట్లో పోయినవాటి దగ్గరా అదే. రంగూ అదే, ఉబ్బిన పొట్టా అదే, మట్టి నాకడమూ అదే. వాటిలో ఒక్కటి కూడా పుట్టగానే ముర్రుపాలు తాగలేదు. తనే తాగనీయలేదు. ఇది తాగింది. తాగినదానికీ తాగనిదానికీ రోగం ఒక్కటే అయితే ముర్రుపాలది తప్పెట్లా అవుతుంది?

"ఏడ్సుడు ఆపి ఆటో పిలువు." అంది. "దీన్ని దవాఖానకు తీస్కపోదాం."

పసిపిల్లను పక్కింట్లో ఇచ్చి ఇద్దరూ ఆటోలో ఎక్కారు. గోనెసంచిలో చుట్టిన దుడ్డె జానమ్మ ఒడిలో పడుకుంది. చీర తడిసింది. దారి పొడుగునా ఆమె దాని చెవుల వెనక రుద్దుతూనే ఉంది. చెవులు చల్లబడుతున్నాయి.

డాక్టరు కరుణ దుడ్డె కళ్ల రెప్పలు తిప్పి చూసింది, పొట్ట నొక్కింది. కొంచెం పెండ తీసి గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. చూసి వెంటనే తల ఎత్తలేదు. ఎత్తాక ముందు శోభ వైపు తిరిగింది.

"పుట్టంగనే ముర్రుపాలు తాపినవా?"

"తాపిన మేడం. గంట గూడ కాలే."

"పదో రోజు నట్టల మందు పోసినవా?"

శోభ తెల్లబోయింది. "నట్టల మందు గొర్లకు గదా? మీరు గది జెప్పలే."

"చెప్పలే." డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది. "తప్పు నాది అవ్వా. గారోజు సగమే చెప్పిన. ముర్రుపాల మాటకే అందరు నవ్వుతుంటే మిగిలిన సగం ఏం చెప్పుదునని డబ్బా సర్దుకొని పోయిన. చెప్పాల్సిందుండె."

తన తప్పు తానే ఒప్పుకునే ఉద్యోగస్తుల్ని జానమ్మ చూసింది తక్కువ. అందుకే కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. "గా సగం ఇప్పుడు చెప్పు." అంది.

"దీని పేగుల నిండ నట్టలున్నయి, పొడుగు పురుగులు. ఈ నట్టలు తల్లి పాల నుంచే వస్తయి."

"అగో!" జానమ్మ చటుక్కున ముందుకు వంగింది. "మరి పాలు ఆపుడే మంచిగుండె గద? మా అత్త జెప్పింది నిజమే గద?"

"జర విను అవ్వా. మాయ పడ్డంక నువ్వు పాలకు ఇడుస్తవా, ఇడువవా?"

"ఇడువకుంటే ఎట్ల బతుకుతది?"

"గా పాలల్ల గూడ నట్టలు వస్తయి. ఒక్క రోజు కాదు, రెండు మూడు వారాల దాక వస్తనే ఉంటయి. వాటి పిల్లలు తల్లి కండల్ల కండ్లకు కనిపియ్యకుంట పండుకొని ఉంటయి. ఈనే ముందట లేసి పొదుగులకు వస్తయి. తల్లికి మందు పోస్తే గా పండుకున్నవాటికి తగలదు. అందుకే దుడ్డెకే పొయ్యాలె, పదో రోజు, పెండ మారకముందే. ముర్రుపాలు ఆపితే నట్టలు ఆగవు, బలమొక్కటే ఆగుతది. నీ పాత దుడ్డెలకు రెండు దెబ్బలు తగిలినయి. దీనికి ఒక్కటే తగిలింది. పదిహేడు రోజులకు ఇంక నిలబడి ఉన్నదంటే ముర్రుపాలు తాగినందుకే."

డాక్టరు దుడ్డెను తూకం వేసి, ఆ తూకానికి సరిపడా మందు కొలిచి, తల మరీ పైకెత్తకుండా చెంప పక్కనుంచి నెమ్మదిగా పోసింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల పొట్లాలు శోభకిచ్చి ఎట్లా తాపాలో చెప్పింది. నట్టలు పడ్డ పెండను దూరంగా పాతిపెట్టమంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లను ఎత్తుకోవద్దని రెండుసార్లు చెప్పింది. వారం ఆగి మళ్లీ చూపించమంది.

శోభ ఆటో అతన్ని పిలవడానికి బయటికి పోయింది. అప్పుడు జానమ్మ అడిగింది.

"మనుషులకు గూడ గంతేనా బిడ్డా? ముర్రుపాలు తాపకుంటే పిల్లలకు ఏం బలముండదా?"

జానమ్మ మొదటి కాన్పు మగపిల్లవాడు. నలభై మూడేళ్ల కిందటి మాట. మూడు రోజులు ముర్రుపాలు పిండి పారబోయించి, పిల్లవాడికి చక్కెర నీళ్లు పోశారు. పదకొండో రోజున పారుడు పట్టి పోయాడు. ఆ సంగతి మల్లికార్జున్‌కు తెలుసు, అయినా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. శోభకు తెలియదు.

డాక్టరుకూ తెలియదు. కానీ ఆ గొంతు విని, చెప్పబోయే మాటను ఒకసారి తూచుకుంది. "మనుషులకు కొంత బలం కడుపుల ఉన్నప్పుడే తల్లి నుంచి వస్తది అవ్వా. పశువులకు గది రాదు. ముర్రుపాలు తాగితే పిల్లలకు చాన మంచిది. తాగకున్నా బతికినోళ్లు గూడ చానమంది ఉన్నరు. పోయినోళ్లు గందుకే పోయిన్రని ఎవ్వరు చెప్పలేరు."

జానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మంచిది." అని దుడ్డెను ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున దుడ్డె పెండలో నట్టలు పడ్డాయి. వానపాముల కంటే లావు, జానెడు పొడుగు, తెల్లగా మెరుస్తూ ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. శోభ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. జానమ్మ పుల్లతో వాటిని విడదీసి చూసింది. కొన్ని ఇంకా కదులుతున్నాయి. గుప్పెడు నట్టలు అంత చిన్న పొట్టలో ఎట్లా పట్టాయో! నాలుగింటిని పుల్లతో పాత గాజుసీసాలోకి నెట్టి మూత బిగించింది. మిగతావి గుంట తీసి పాతిపెట్టి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, సీసాతో గాలయ్య ఇంటికి నడిచింది.

గాలయ్య అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. ఆమె సీసాను అతని కళ్ల ముందుకు ఎత్తిపట్టుకుంది.

"అరగని పాలన్నవు గద. ఇగో, చూడు."

గాలయ్య చాయ్ పక్కన పెట్టాడు. మళ్లీ తాగలేదు.

దుడ్డె రెండు రోజులు నీరసంగానే ఉంది. మూడో రోజు తల్లి పొదుగును తలతో పొడిచి పాలు అడిగింది. పెండ రంగు తిరిగింది. వారం తర్వాత మళ్లీ దవాఖానకు పోయినప్పుడు ఒడిలో నిలవక ఆటోలోంచి దూకబోయింది.

దీపావళి దాటాక ఒక సాయంత్రం గాలయ్య దగ్గర నుంచి కబురొచ్చింది. అతని బర్రె పొద్దటి నుంచి నొప్పులు పడుతోంది, కాళ్లు కనబడటం లేదు. జానమ్మ నూనె గిన్నె తీసుకుని శోభను వెంటబెట్టుకుని పోయింది. దుడ్డె వెనక్కి తిరిగి ఉంది. అరగంట తిప్పలు పడితే వెనక కాళ్లు ముందుకొచ్చాయి. ఊపిరి ఉందో లేదో తెలియకుండా కింద పడ్డ దుడ్డెను తలకిందులుగా ఎత్తి, ముక్కులో గడ్డిపోచ పెట్టి తుమ్మించింది. అది కళ్లు తెరిచాక, ఎవరూ అడగకముందే జానమ్మ దాన్ని పొదుగు దగ్గరికి మోసుకుపోయింది.

"మాయ ఇంక పడలే గద." గాలయ్య గొణిగాడు.

"పడుతది. గది దాని పని అది చేస్కుంటది. నీ బర్రెను నేను బతికిచ్చిన. దుడ్డెను గూడ బతికియ్యనియ్యి. లేదంటే ఇంకోసారి నన్ను పిలువకు."

గాలయ్య పక్కకు జరిగాడు. దుడ్డె కడుపు నిండా తాగేదాకా జానమ్మ అక్కడే గొంతుక్కూర్చుంది. మాయ ఆ రాత్రి పడిందని తెల్లారి అతనే వచ్చి చెప్పాడు. పదో రోజున మందు సీసా తీసుకుని జానమ్మే అతని ఇంటికి పోయింది. డాక్టరు ఫోన్‌లో చెప్పిన కొలతను శోభ కొలిచి ఇస్తే, జానమ్మ చెంప పక్కనుంచి పోసింది.

అప్పటి నుంచి ఏ ఇంట్లో బర్రె ఈనినా శోభ తన ఫోన్‌లో పదో రోజుకు అలారం పెట్టుకుంటోంది. ఉగాది నాటికి ఊళ్లో పదకొండు దుడ్డెలు పుట్టాయి. తొమ్మిది బతికాయి. పోయిన రెంటిలో ఒకటి నెల తక్కువగా పుట్టింది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. రెండోది జానమ్మ పెదనాయన కూతురు బిక్షమ్మ ఇంట్లోది. బిక్షమ్మ జానమ్మకు చెప్పకుండా మాయ పడేదాకా ఆగింది, మందు కూడా పోయలేదు.

జానమ్మ ఆ ఇంటికి పోయింది. తిట్టడానికి వచ్చిందనుకుని బిక్షమ్మ ముందే అందుకుంది. "నువ్వే గద చెల్లే గిన్నేండ్లు గట్ల జెప్పింది! ఇప్పుడు తప్పంటే నాకెట్ల ఎర్క?"

"నేనే చెప్పిన అక్కా." జానమ్మ ఆమె పక్కన కూర్చుంది. "ఎర్క లేక చెప్పిన. నా చేతుల మీద పుట్టినవాటిని నేనే గుంజకు కట్టేసిన. యాది చేస్కుంటే అన్నం సయిస్తలేదు. నిన్నేమంట?"

కొట్టంలో బర్రె దుడ్డె కోసం అరుస్తోంది. బిక్షమ్మ తెచ్చిన పాలచెంబు ఖాళీగానే పక్కన ఉంది. జానమ్మ లేచి, ఆ చెంబు తీసుకుని, చేపని బర్రెను ఎట్లాగో మచ్చిక చేసి పాలు తీయడానికి కొట్టంలోకి వెళ్లింది.